గవ్వల డాక్టరు

"గవ్వల డాక్టరు పోనాడంట టీచరమ్మా," అన్నాడు చేపలబ్బాయి. నేనప్పుడు సురమై చేప ధర దగ్గర అతనితో తగువు పడుతున్నాను. అబ్బాయి అనడం నా అలవాటు గానీ అతనికి మనవలున్నారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మా అల్లుడు. వైజాగులో ఆయనుండే ఈదిలోనే ఉంతాడు. పొద్దుట ఫోన్ సేసినాడు. నిద్దట్లోనే పోనాడంట, తక్లీఫ్ ఏటీ నేకుండా."

కత్తి చేప మీదే వదిలేసి, చేతులు తుడుచుకుని, పలక వెనక నుంచి బయటికొచ్చాడు. నలుగురూ నడిచే దారిలో గొంతుక్కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. పక్కన మసాలాలమ్మే బెంగాలీ ఆవిడ "క్యా హువా భయ్యా?" అని అడిగింది. అతను వెళ్ళి మళ్ళీ కత్తి అందుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే దాని వెనకే కోపం కూడా వస్తుంది నాకు, మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. తూకం తక్కువేశావని అతన్ని నాలుగు మాటలని, చివరికి అడిగినంతా ఇచ్చి ఇంటికొచ్చేశాను.

ఆ డాక్టరు ముఖం ఎలా ఉండేదో చెప్పమంటే తడబడతాను. ఆయనా మా ముఖాలు చూసేవాడు కాదు కాబట్టి చెల్లుకు చెల్లు. మనిషి ఎదురొస్తే ముందు కాళ్ళు చూసేవాడు, తర్వాత చేతులు చూసేవాడు. ముఖం దాకా చూపు వచ్చేసరికి ఎదుటి మనిషి దాటిపోయి ఉండేవాడు. పేర్లు ఒక్కటీ గుర్తుండేవి కావు. విరిగిన ఎముకని బట్టే పిలిచేవాడు. నడిబజార్లో "ఏమండీ కుడి మోచెయ్యి గారూ!" అని కేకేస్తే, సిగ్గుతో చచ్చిపోతూ ఒక పెద్దమనిషి ఆగిపోయేవాడు. ఆగినందుకు శిక్ష ఏమిటంటే, చెయ్యి పైకెత్తాలి, భుజం తాకాలి, వీపు గోక్కుని చూపించాలి. కాలు విరిగినవాళ్ళకైతే ఇంకా కష్టం. ఎక్కడ కనబడితే అక్కడే, పెళ్ళిపందిరైనా సరే, ఓడ టిక్కెట్ల వరసైనా సరే, "గొంతుక్కూర్చోండి. ఇప్పుడు లేవండి. చెయ్యి ఆనించకుండా" అనేవాడు.

ఊరవతల తుష్నాబాద్ పల్లె రైతు ఒకాయన కట్టు విప్పించుకున్నాక మళ్ళీ ఆసుపత్రి మొహం చూడలేదు. డాక్టరు బస్సెక్కి ఆ ఊరెళ్ళి, దారి అడుగుతూ అడుగుతూ పొలం చేరాడు. ఆ రైతు భార్య ఈయన్ని చూసి, భూమి కొలతల ఆఫీసరు వచ్చాడనుకుని లోపలికెళ్ళి తలుపేసుకుందట. ఈయన పొలంలోకి దిగి, ఆ రైతుని బురదలోనే కూర్చోబెట్టి, లేపి, "చాలా సంతోషమండీ" అని అదే బస్సులో తిరిగొచ్చేశాడు. ఇచ్చిన మజ్జిగ కూడా తాగలేదట. ఈ కథ పోర్ట్‌బ్లెయిరంతా చెప్పుకుని నవ్వుకుంది.

"ఎక్స్‌రే ఫోటోలో ఎముక అతుక్కుందా లేదా అని అందరం చూస్తాం. ఆ మనిషి పడవలో కూర్చోగలడా, దొడ్డికి కూర్చోగలడా అని ఎవరు చూస్తారండీ?" అనేవాడు, ఎవరైనా ఎందుకీ తిరుగుడు అంటే.

ఇవన్నీ సర్దుకుపోయే వింతలే. సర్దుకుపోలేనిది ఇంకొకటుంది. ఆయన "తెలీదు" అనేవాడు. డాక్టరన్నవాడు అనకూడని మాట అది. ఎముక ఎప్పటికి అతుకుతుంది బాబూ అంటే తెలీదు. మళ్ళీ వేటకెళ్తాడా అంటే తెలీదు. అదీ మామూలు గొంతుతో, టైమెంతైంది అంటే గడియారం లేదన్నంత మామూలుగా అనేవాడు. హిందీవాళ్ళకి "మాలూమ్ నహీ" అనేవాడు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి వేసే రకం అని మా అమ్మ ఆయన్ని తిట్టేది.

ఆయన తేల్చుకోవాలనుకున్న సంగతి ఒక్కటే. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక విరిగితే రెండు దారులున్నాయట. పాత దారిలో తొడ నుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేస్తారు. ఎముక అతికేదాకా కాలు నేల మీద పెట్టనివ్వరు. కొత్త దారిలో కొన్నాళ్ళకే ఆ పెద్ద కట్టు తీసేసి, మోకాలి కింది వరకే బిగుతుగా చిన్న కట్టు వేసి, అడుగున టైరు ముక్క అంటించి, ఆ కాలి మీదే నడవమంటారు. పాత దారిలో కీళ్ళు బిగుసుకుపోతాయేమో. కొత్త దారిలో ఎముక పక్కకి జరుగుతుందేమో. ఏది మేలో ఆయనకి నిజంగా తెలీదు. తెలుసుకోవాలంటే ఎవరికే దారో డాక్టరూ ఎంచకూడదు, రోగీ ఎంచకూడదు. అందుకని ఒక సంచి నిండా ఒకే సైజు గవ్వలు పోయించాడు. సగం గవ్వల కడుపులో నర్సమ్మ చేత పుండ్లకి పూసే ఊదారంగు మందు పూయించాడు. ఒప్పుకున్నవాళ్ళు సంచిలో చెయ్యి పెట్టి ఒక గవ్వ తీయాలి. తెల్లది వస్తే పడక, ఊదాది వస్తే నడక. ఎవరి కాలు ఎలా బాగుపడిందో ఆయన లెక్క రాసుకుంటాడు. ఇష్టం లేనివాళ్ళు తీయక్కర్లేదు, వాళ్ళకి ఎప్పటిలా పాత దారే. తీసినవాళ్ళు కూడా మధ్యలో వద్దనుకుంటే ఒక్క మాట చెబితే చాలు.

ఆయన చెప్పింది అది. మావాళ్ళకి అర్థమైంది వేరు.

కళింగపట్నం వైపు నుంచి, స్వతంత్రం వచ్చాక ఓడెక్కి ఈ దీవులకొచ్చి స్థిరపడిన బెస్తవాళ్ళం మేము. గవ్వలు వేసి అమ్మవారిని అడగడం మా ఇళ్ళలో పుట్టుకతో తెలిసిన పని. వేటకి ఏ వైపు వెళ్ళాలి, ఏ పిల్లకి ఏ ఊరి సంబంధం, అన్నీ గవ్వలే చెప్పాలి. డాక్టరు కూడా తనకి తెలీక గంగమ్మని అడుగుతున్నాడని అందరూ నమ్మేశారు. పాపం ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "అమ్మవారు కాదమ్మా, ఉత్త గవ్వ" అన్నాడు. ఎవరు వింటారు? చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని, తల్లిని తలుచుకుని మరీ తీసేవారు. మంచి గవ్వ ఇమ్మని ఆసుపత్రి గేటు దగ్గర కొబ్బరికాయలు కొట్టేవారు.

మా అయ్య కాలు హాడో వార్ఫు దగ్గర విరిగింది. పడవ కట్టేస్తుంటే అల తోసింది. పడవకీ గోడకీ మధ్య కుడికాలు నలిగింది. అప్పటికి నాకు టీచరుద్యోగం కొత్త. బడి నుంచి పరిగెత్తుకెళ్ళేసరికి అయ్య చేతిలో గవ్వ ఉంది. కడుపు ఊదాగా ఉంది. అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

ఎందుకంటే అమ్మ తమ్ముడొకడు ఊళ్ళో ఇలాగే కాలు విరిగి, ఆత్రం కొద్దీ ముందే అడుగేశాడు. కాలు వంకరైపోయింది. మళ్ళీ సముద్రం ఎక్కలేదు, ఒడ్డున వలలకి మాట్లు వేసుకుంటూ బతికి, ఒడ్డునే పోయాడు. అయ్యకి ఆ గతి పడుతుందని అమ్మ భయం. అయ్య అప్పుడే మరో ఇద్దరితో కలిసి ఇంజను పడవ కొన్నాడు. దాన్ని నడిపేది ఆయనే. ఆయన పడవెక్కకపోతే పడవా లేదు, మేమూ లేము.

వద్దని చెప్పెయ్యొచ్చు కదా అన్నాను నేను. డాక్టరే చెప్పాడు కదా, ఒక్క మాట చాలని.

"తల్లి సేతిలో పెట్టింది ఒద్దంతావేటే?" అంది అమ్మ. "సదువుకున్నావు, దిమాగ్ నేదు నీకు. పైకి ఒద్దనకూడదు. లోపట్నించి మనం సూసుకోవాల."

అదీ మా అమ్మ వేదాంతం. గంగమ్మకి ఎదురు చెప్పదు, అయ్యని అడుగూ వేయనివ్వదు.

కొన్నాళ్ళకి పెద్ద కట్టు తీసేసి, చిన్న కట్టు వేసి, టైరు ముక్క అంటించి, రోజూ ఇంటి చుట్టూ నడవమని పంపారు. డిగ్నాబాద్‌లో మా ఇల్లు ఏటవాలు మీద. అమ్మ అయ్యని మంచం ఎక్కించింది. దిగనివ్వలేదు. అయ్య మామూలుగా పులిలాంటి మనిషి. కానీ విరిగిన కాలు చూసుకుని ఆయనకీ భయం పట్టుకుంది, అమ్మ మాట మందులా మింగాడు. డాక్టరు కట్టు అడుగు చూస్తాడని వాడలో అందరికీ తెలుసు. టైరు ముక్క అరిగితేనే నడిచినట్టు. అందుకని అమ్మ ప్రతిరోజూ గరుకు బండ ఒకటి తెచ్చి, మంచం మీది కాలికి దాన్ని ఆనించి, టైరు ముక్కని బరబరా రుద్దేది. నేను పళ్ళు నూరుకుంటూ బడికి పోయేదాన్ని. అయ్య పిక్క సన్నబడిపోతూ ఉంది. వేళ్ళు వాచి మెరుస్తున్నాయి.

డాక్టరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. "కుడికాలు గారున్నారా?" అంటూ తల వంచుకుని లోపలికొచ్చి, మంచం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేలి కణుపుతో కట్టుని కొట్టి విన్నాడు, అది ఆయన అలవాటు. కట్టు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. టైరు ముక్క మీద బొటనవేలు రాశాడు. ఇంకోసారి రాశాడు.

"ఇది నడిస్తే అరిగింది కాదు," అన్నాడు. "నడిచినవాడికి మడమ దగ్గర ఎక్కువ అరుగుతుంది. ఇది అప్పచ్చిలా సమంగా ఉంది. ఎవరు రుద్దారు?"

అమ్మ కొంగు బిగించింది. "నానే రుద్దినాను. ఏటి సేస్తావు?"

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, భయం వచ్చింది. గొంతు తగ్గిపోయింది.

"అమ్మా, ఇది ఆ దారీ కాదు, ఈ దారీ కాదు. పెద్ద కట్టు లేదు, ఎముకని పట్టి ఉంచడానికి. బరువు పడటం లేదు, ఎముకకి పని చెప్పడానికి. ఇలాగే ఉంటే అసలు అతకకపోవచ్చు. భయమైతే చెప్పండి, ఇవాళే పెద్ద కట్టు వేస్తాను. తప్పేం లేదు. కానీ అబద్ధం మాత్రం ఆడకండి. మీరు అబద్ధమాడితే మీ ఆయనకే కాదు, తర్వాత కాలు విరిగేవాళ్ళెవరికీ నిజం తెలీదు."

"నడిస్తే అతుకుద్దా?"

"తెలీదమ్మా."

"తెలీదు, తెలీదు, తెలీదు." అమ్మ ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది. "మా కాళ్ళే దొరికినాయా బాబూ, నీకు తెలుసుకోడానికి? నీ కాలే ఇరిగితే సంచీలో సెయ్యి పెడతావా? ఒట్టేసి, కసమ్ తిని సెప్పు."

"పెడతాను."

"పెద్దోళ్ళు పెడతారు," అంది అమ్మ. "ఇమానం ఎక్కి మద్రాసు ఎల్తారు."

ఆయన లేచాడు. రెండు రోజులు ఆలోచించుకుని ఏదో ఒక దారి చెప్పమన్నాడు. పెద్ద కట్టు అంటే అమ్మవారిని కాదన్నట్టు, నడకంటే కాలు పోయినట్టు. అమ్మ ఏదీ తేల్చలేదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో అన్నం వండారే గానీ ఎవరూ సరిగ్గా తినలేదు.

ఆ గడువు తీరకముందే ఆయన కాలు విరిగింది. నమ్మినా నమ్మకపోయినా అదే హాడో వార్ఫు దగ్గర. వేట నుంచి వచ్చిన పాత రోగి ఒకడు పడవలోనే ఉండిపోతే, వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి లేపుదామని పాకుడు పట్టిన మెట్లు దిగాడు. జారాడు. మోకాలి కింద ఎముక విరిగింది. చేపలు మోసే తడికె మీదే ఆయన్ని ఆసుపత్రికి మోసుకొచ్చారు.

కబురు వాడకి చేరగానే జనం కదిలారు. అయ్యో పాపం అని కొందరు వచ్చారు, నిజమే. ఎక్కువమంది మాత్రం ఆయన సంచీలో చెయ్యి పెడతాడో లేదో చూడ్డానికే వచ్చారు. అమ్మ ఆయనతో అన్న మాట అప్పటికే వాడంతా తిరిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడిచింది.

కట్లు వేసే గది కిటికీల నిండా తలలే. లోపల బల్ల మీద ఆయన, నుదుటి మీద చెమట. పక్కన పెద్ద డాక్టరు, హిందీ ఆయన. "పాగల్ మత్ బనో," అంటున్నాడు. రేపే విమానంలో పంపిస్తానంటున్నాడు. ఈయన తల అడ్డంగా తిప్పాడు.

"నర్సమ్మా, సంచీ."

"మీకెందుకు సార్ గవ్వ?" అంది నర్సమ్మ. ఆవిడ ఏడుస్తోంది.

"లెక్కలో నన్ను వేయకండి. వైద్యం చేసేవాణ్ణి నేనే, నా కాలు లెక్కకి రాదు. కానీ గవ్వ తీస్తాను."

సంచీ దగ్గరికొచ్చింది. గవ్వలు గలగలమన్న చప్పుడు కిటికీ బయటిదాకా వినిపించింది. వాడలో ఆయన్ని తిట్టినవాళ్ళు కూడా ఊచలకి ముఖాలు ఆనించారు. ఆయన చెయ్యి లోపల చాలాసేపు ఉన్నట్టనిపించింది నాకు. బయటికి తీసి, వేళ్ళు విప్పి, వెల్లకిలా తిప్పాడు.

తెల్లది.

నేను మొదటిసారి ఆయన ముఖం సరిగ్గా చూసింది అప్పుడే. దిగాలు పడింది. దాచుకోవడం కూడా చేతకాని మనిషి. అప్పటికి ఊదాగవ్వ తీసిన ఎంతోమంది మడమలు అరగదీసుకుంటూ ఆయన కళ్ళముందే నడిచి వెళ్ళారు. ఆయనకి ఏది కావాలో మా అందరికీ కనబడింది.

కిటికీ ఊచలు పట్టుకుని అమ్మ అంది, నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు: "ఇంకోపాలి తియ్యి బాబూ. మేం ఎవులికీ సెప్పం."

వెనక ఎవరో "అవును బాబూ, తియ్యి" అన్నారు. పెద్ద డాక్టరుకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమై, సంచీ ఆయనకి దగ్గరగా జరిపాడు.

ఆయన గవ్వని సంచీలో వేసేసి, మూతి బిగించి నర్సమ్మకిచ్చాడు. "తొడ దాకా వేయండి," అన్నాడు. పిండి తడిపే చప్పుడు మొదలైంది.

అమ్మ గబగబా ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గరికెళ్ళి, "లెగు మావా," అంది.

"ఏటైంది?"

"లెగమన్నాను. ఆయనకి పడకొచ్చింది, ఆయన పడుకున్నాడు. నీకు నడకొచ్చింది. నువ్వు నడు."

అయ్యకి చెమటలు పట్టాయి. ఒక పక్క అమ్మ, ఒక పక్క నేను. కట్టు కాలు నేలకి ఆనింది. బరువు వేయడానికి ఆయన పడిన తంటా చూస్తే నా ప్రాణం పోయింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది, ఎముక విరిగే చప్పుడు వినబడుతుందేమోనన్నట్టు. ఏ చప్పుడూ రాలేదు. అయ్య బండబూతు ఒకటి తిట్టి, రెండో అడుగు వేశాడు. మూడో అడుగుకి అమ్మ ఏడుపు మొదలెట్టింది. ఏడుస్తూనే, కుంటకుండా నడవమని ఆయన్ని కసిరింది.

వానలు తగ్గాక అయ్య పడవెక్కాడు. ఇంజను చప్పుడు విని నాకు తెలిసింది, ఇల్లు నిలబడిందని.

డాక్టరు లెక్క తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఊదాగవ్వ వాళ్ళ ఎముకలూ అవతలివాళ్ళవిలాగే అతుక్కున్నాయి. పైగా వాళ్ళు ముందే పనిలోకి దిగారు, చీలమండలు బిగుసుకోలేదు. "ఇక్కడి మనుషుల వరకే, ఈ ఎముక వరకే. మిగతావి తెలీదు," అని దానికీ తోక తగిలించాడనుకోండి. ఆయన కాలు కూడా అతికింది. చీలమండ మాత్రం బిగిసిపోయింది. మెట్లెక్కేటప్పుడు ఆ పాదం చెక్కలా పడేది. గొంతుక్కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

మెయిన్‌లాండుకి బదిలీ అయి వెళ్ళిపోయే ముందు మా ఇంటికి భోజనానికొచ్చాడు. అందరం కింద కూర్చుంటే ఆయనకి స్టూలు వేశాం. ఆయన చేపముళ్ళు ఏరుకుంటుంటే అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"నిజం సెప్పు బాబూ. ఆ పొద్దు ఊదాది రావాలని అనుకున్నావు గదా?"

"అనుకున్నానమ్మా."

"మరి ఇంకోపాలి ఎందుకు తియ్యలేదు? ఆ కాలు ఇలా అయ్యీది కాదు గదా. ఎవులడిగీవోరు నిన్ను?"

ఆయన ముల్లు ఒకటి తీసి కంచం అంచున పెట్టాడు. అమ్మ ముఖంలోకి, తిన్నగా చూశాడు.

"అప్పటికి మీ ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు కదమ్మా. నేనే గవ్వ మార్చుకుంటే మీరు ఆయన్ని లేపేవారా?" అన్నాడు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయ్య తల వంచుకుని తినడం ఆపేశాడు. డాక్టరు మాత్రం కూర బాగుందని, ఇంకొంచెం పులుసు వేయించుకున్నాడు.